ముగింపు నిల్వ

ముందు గదిలో క్యారం బోర్డులు, షటిల్ బంతులు,
ఏ బడీ కొనకుండా మిగిలిపోయిన గెలుపు కప్పులు.
వెనక గదికి ఇనుప గ్రిల్లు, రెండు తాళాలు.
ఒక చెవి జిలానీ సాయిబు బెల్టుకి, రెండోది నాకు.
నెల్లూరు ట్రంకురోడ్డులో ఇరవైరెండేళ్లుగా
తుపాకుల పద్దు రాసేది నేను.
ఒక్కటీ పేల్చి ఎరగను.

ఇవాళ మార్చి ముప్పై ఒకటి.
ఒంటి గొట్టం రెండు. జంట గొట్టం నాలుగు,
అందులో ఒకటి ఎనిమిదేళ్లుగా అట్నే నిలబడుంది.
దాని మెడకి కట్టిన చీటీ మీద
ధర మూడుసార్లు కొట్టేశాను, మూడుసార్లు రాశాను.
ముందు పెంచాం. తర్వాత తగ్గించాం.
ఇప్పుడు అంకె కూడా సరిగ్గా కనపడదు,
ఎవరూ అడగరు గనక నేనూ దిద్దలేదు.

పన్నెండు బోరు తూటాలు, ఆరో నంబరు, నూట నలభై.
ఉదయం దాకా నూట నలభై అయిదు.
ఉదయగిరి వైపు నుంచి మాల్యాద్రి వచ్చాడు,
శనక్కాయ చేను అడవిపందులు దున్నేశాయని.
"ఏందన్నా, ఒక్క తూటా అరకిలో కోడి ధర పలకతా ఉంది!"
బస్తా కాయలకి ఎన్ని తూటాలో వేళ్ల మీద లెక్కేసి
అయిదు చాలన్నాడు.
అయిదూ ఆకాశంలోకే పేలుస్తాడంట.
"వాటికి చప్పుడు చాలు, నాకు నిద్ర చాలు."

అల్లూరు రొయ్యల గుంటల చెంచురామిరెడ్డికి
నీటికాకులతో తగాదా.
"చావకూడదు, మళ్లీ రాకూడదు. అట్టాంటిది ఉందా?"
వెనక బజార్లో టపాసులు చవకన్నాను.
సాయిబు మధ్యాహ్నం దాకా నాతో మాట్లాడలా.

మూడు గంటలకి పొదలకూరు నుంచి శేషమ్మ.
ఆటోలోంచి దుప్పటి చుట్టిన పొడుగాటి మూట
చంటిబిడ్డని దించినట్టు దించింది.
"బ్యాంకు గుమ్మంలో మా ఆయన దీన్ని పట్టుకోని
పందొమ్మిదేళ్లు నిలబడ్డాడయ్యా.
ఒక్క దొంగా రాలేదు, ఇది ఒక్కసారీ పేలలేదు.
ఇప్పుడు దీనికెంత?"

ఎంతని చెప్పను.
లైసెన్సు మనిషి పేరు మీద ఉంటుంది,
మనిషితో పాటే పోతుంది.
కాగితం లేనిదాన్ని నేను కొనకూడదు, ఆమె ఉంచుకోకూడదు.
దాచిపెడతాం, నెలకింతని అద్దె.

"అట్టయితే నేనే మీకియ్యాల్నా?"

కొంగుముడి విప్పి మూడు నెలలకి కట్టింది.
రసీదు మడిచి మళ్లీ అదే ముడిలో పెట్టింది.
గుమ్మం దిగి, వెనక్కొచ్చి,
"ఆ తోలుపట్టీ అన్నా ఇస్తారా" అంది.
భుజం ఆనేచోట నల్లగా నునుపుదేరింది పట్టీ.
రిజిస్టర్లో నంబరు తుపాకీకే, పట్టీకి లేదు.
సాయిబు వైపు చూశాను. ఆయన ఫ్యాను వైపు చూస్తున్నాడు.
కొక్కేలు విప్పి ఇచ్చాను.

కస్టడీలో జంట గొట్టం, ఒకటి. పట్టీ లేదు.
అట్నే రాశాను.

ఇక చిల్లర సరుకు.
ఎయిర్ గన్ను గుళ్లు, డబ్బాకి అయిదొందలు:
డబ్బాలు పదకొండున్నర.
ఆ అర చూసి ప్రతి ఏడూ ఆడిటరు మొహం చిట్లిస్తాడు.
కోవూరు నుంచి సైకిలు మీదొచ్చే సునందిని
పదో తరగతి, తుపాకీ అకాడమీది, గుళ్లు మాత్రం సొంతం.
పోయిన నెల సగం డబ్బాకే డబ్బులున్నాయంది.
దొర్లిపోకుండా క్యారం బోర్డు మీద పోసుకోని
ఇద్దరం రెండొందల యాభై లెక్కపెట్టాం.
ఆమె నాకంటే వేగం. రెండు ఎక్కువొస్తే వెనక్కి తోసింది.

రేపట్నుంచి కొత్త ధరలు. చీటీలు రాసి పెట్టాను,
ఇంకా అతికించలేదు.
ముగింపు నిల్వ కింద గీత గీస్తుంటే
గ్రిల్లు అవతల సైకిలు స్టాండు చప్పుడు.

"మిగతా సగం ఉందా సార్? పాత ధరేనా?"

గోడ గడియారం ఆరున్నర.
సాయిబు చెవి కోసం బెల్టు తడుముకుంటున్నాడు.
మార్చి ఇంకా అయిదున్నర గంటలుంది పాపా,
దా.